పాడిపశువుకు కవచం

పాఠ్యభాగ ఉద్దేశం

మూగజీవుల ఆరోగ్యం మానవుని బ్రతుకుతెరువుతో ఎంతగా పెనవేసుకొని ఉన్నదో తెలుపుతూ, పిడుదుల వల్ల పశువులకు సంక్రమించే వ్యాధులను, వాటి నివారణకు టీకాలను రూపొందించిన శాస్త్రజ్ఞుల కృషిని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆవు పొదుగును అంటిపెట్టుకొని వేలాడుతున్నా పిడుదు కోరేది పాలు కాదు, నెత్తురు. పశువును సాకిన ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు. కొన్ని ప్రాంతాలలో దీనిని గోమారి అని కూడా అంటారు. గంగడోలు కింద, చెవి లోపల, తోక మొదట, పొదుగు మడతలలో ఇది కరచిపట్టుకొని, శనగగింజంత పరిమాణానికి ఉబ్బి, కడుపు నిండాక నేలకు రాలిపోతుంది. సాయంకాలం పశువును కట్టివేసిన తరువాత దాని ఒంటిని తడిమి పిడుదులను ఏరివేయడం పూర్వం రైతు ఇంట నిత్యకృత్యం. పిడుదు పీల్చుకొని పోయే నెత్తురు కొద్దిపాటిదే. అయితే పీల్చే వేళ అది పశువు ఒంటిలోకి వదలిపెట్టే సూక్ష్మజీవులే నిండు ప్రాణాన్ని తీస్తాయి. తీసుకొన్న దానికంటె ఇచ్చిన దానివల్లనే ఎక్కువ కీడు చేసే ప్రాణి పిడుదు.

ఈ సత్యం శాస్త్రలోకానికి బోధపడడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో 1865లో అంతర్యుద్ధం ముగిసిన తరువాత టెక్సాస్ ప్రాంతపు పశువుల మందలను వర్తకులు ఉత్తర రాష్ట్రాలకు తోలుకొనిపోసాగారు. పొడవైన కొమ్ములు గల ఆ పశువులు దారి పొడవునా ఆరోగ్యంగానే ఉండేవి. కాని అవి మేసిపోయిన పచ్చిక బయళ్లలో కొన్ని వారాల తరువాత మేసిన ఉత్తరాది పశువులు తీవ్రమైన జ్వరంతో, ఎర్రని మూత్రంతో విలవిలలాడి చనిపోయేవి. 1868లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఈ రోగం విజృంభించింది. రోగం తెచ్చిన పశువు కులాసాగా ఉండడం, దానిని తాకని పశువు చనిపోవడం అందరికీ విస్మయం కలిగించింది. తుషారం కురిసి చలి ముదిరితే రోగం తనంతట తానే అణగిపోవడం మరొక వింత.

దక్షిణాది పశువుల ఒంటినుంచి రాలే పిడుదులే దీనికి కారణమని కొందరు పశుపాలకులు ఆనాడే అనుమానించారు. విద్యావంతులు పలువురు ఆ మాటను పామరుల ఊహగా కొట్టిపారవేశారు. అయితే థియోబాల్డ్ స్మిత్ అనే వైద్యశాస్త్రవేత్త ఆ మాటను అలా తోసిపుచ్చలేదు. పశువైద్యుడైన ఫ్రెడరిక్ కిల్‌బోర్న్‌తో కలిసి ఆయన వాషింగ్టన్ సమీపంలోని ప్రయోగక్షేత్రంలో 1889లో పరీక్షలు ప్రారంభించాడు. ఒక ఆవరణలో పిడుదులున్న దక్షిణాది పశువులను ఉత్తరాది పశువులతో కలిపి ఉంచారు. రెండవ ఆవరణలో దక్షిణాది పశువుల ఒంటిమీది పిడుదులను ఒక్కటొక్కటిగా చేతితో ఏరివేసి ఉత్తరాది పశువులతో కలిపారు. మూడవ ఆవరణలో దక్షిణాది పశువులే లేవు. పచ్చికపై పిడుదులను మాత్రం చల్లారు. మొదటి ఆవరణలోను, మూడవ ఆవరణలోను రోగం వచ్చింది. రెండవ ఆవరణలో రాలేదు. పామరుల మాటే నిజమైంది.

నేలకు రాలిన ఆడ పిడుదు వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. ఎర్ర రక్తకణాలను ధ్వంసం చేసే ఏకకణజీవి తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లలోకి చేరుతుంది. పుట్టిన పిల్ల గడ్డిపరక కొసకు ఎగబ్రాకి, అటుగా వచ్చిన పశువును పట్టుకొని కరిస్తే చాలు, రోగం అంటుకొంటుంది. అందువల్లనే మంద వెళ్లిపోయిన తరువాత వారాలు గడిస్తేగాని రోగం పొడసూపేది కాదు. ఈ కోవకు చెందిన సూక్ష్మజీవిని 1888లో రుమేనియాలో విక్టర్ బాబెష్ పశువుల నెత్తురులో మొదట చూసినందున దానికి 'బాబేసియా' అనే పేరు వచ్చింది. స్మిత్, కిల్‌బోర్న్‌లు తమ పరిశోధన ఫలితాలను 1893లో ప్రకటించారు. ఏకకణజీవి వల్ల కలిగే ఒక రోగాన్ని కీటకం వంటి చిరుప్రాణి మోసుకొనిపోతుందని లోకానికి ఋజువు కావడం అదే తొలిసారి. నాలుగేళ్ల తరువాత, 1897లో, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొన్నాడు. పశువుల రోగం చూపిన త్రోవ ఈ విధంగా మనుష్యుల వైద్యానికి కూడా వెలుగైంది.

కారణం తెలిసిన తరువాత నివారణ మార్గాలు రెండు కనిపించాయి. పిడుదును రూపుమాపడం ఒకటి. పశువును తట్టుకొనేటట్లు చేయడం రెండవది. అమెరికా మొదటి మార్గాన్ని అనుసరించింది. 1906లో మొదలుపెట్టి, పశువులను మందునీటి తొట్లలో ముంచి తీస్తూ, 1943 నాటికి మెక్సికో సరిహద్దున ఉన్న సన్నని పట్టీ మినహా దేశమంతటా పశువుల జ్వరపు పిడుదును నిర్మూలించింది. అయితే ఈ మార్గం అన్ని దేశాలకూ సాధ్యపడేది కాదు. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే దేశాలలో, వేలాది గ్రామాలలో ఇంటికి ఒకటి రెండు చొప్పున పశువులు చెదరి ఉన్న చోట, పిడుదును సమూలంగా పెకలించడం దుష్కరం. పైగా ఒకే మందును పదే పదే వాడితే పిడుదులు ఆ మందుకు అలవాటుపడి లొంగకుండా పోతాయి. మందు అంశాలు పాలలోకి చేరే ప్రమాదమూ ఉన్నది.

రెండవ మార్గానికి సూచన టెక్సాస్ పశువులలోనే ఉన్నది. అవి ఎందుకు చావలేదు? దూడలుగా ఉన్నప్పుడే పిడుదులు వాటిని కరిచాయి. లేత వయస్సులో బాబేసియా సోకిన దూడ సాధారణంగా తట్టుకొంటుంది. అటుపై దాని దేహం ఆ శత్రువును జీవితాంతం గుర్తుంచుకొంటుంది. పెద్దదైన తరువాత మొదటిసారి సోకిన పశువు మాత్రం కుప్పకూలుతుంది. దీనినిబట్టి ఒక విచిత్రమైన సత్యం తేలుతున్నది. పిడుదులు అసలే లేని చోట పశువుకు రోగభయం లేదు. పిడుదులు నిండుగా ఉన్న చోట దూడలు చిన్ననాడే గట్టిపడతాయి. పిడుదులు అరకొరగా ఉన్న చోటనే అపాయం అధికం. ఎందుకంటే అక్కడ ఎన్నో దూడలు ఆ పాఠం నేర్వకుండానే పెరిగిపోతాయి. సగం చేసిన నిర్మూలన ఒక్కొక్కప్పుడు అసలు చేయకపోవడం కంటె కీడు కలిగించవచ్చు. ఈ లోటును పూరించేదే టీకా. ప్రకృతి ప్రమాదకరంగా నేర్పే పాఠాన్ని మనిషి జాగ్రత్తగా నేర్పడమే టీకా ధర్మం.

ఆస్ట్రేలియాకు 1872లో బటావియా నుంచి డార్విన్ రేవుకు దిగిన పశువులతో పాటు పిడుదు కూడా దిగింది. అక్కడి వారు పంతొమ్మిదవ శతాబ్ది చివరనే కోలుకొన్న పశువు నెత్తురును ఆరోగ్యవంతమైన పశువుకు ఎక్కించి రక్షణ కల్పించజూశారు. ఆ పద్ధతిలో మేలూ కీడూ కలగలిసి ఉండేవి. ఒకసారి రక్షించిన నెత్తురు మరొకసారి చంపేది. సుమారు 70 ఏళ్ల తరువాత, 1960వ దశకంలో, క్వీన్స్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కాలో, ఆయన సహచరులు ఒక ఉపాయాన్ని కనుగొన్నారు. ప్లీహం తొలగించిన దూడలలో బాబేసియాను ఒకదాని నుంచి మరొకదానికి వెంటవెంటనే ఎక్కిస్తూపోతే దాని క్రౌర్యం క్రమంగా తగ్గిపోయింది. రక్షణనిచ్చే గుణం మాత్రం నిలిచింది. పులి కోరలు ఊడగొట్టి ఊరికి చూపించినట్లు, ఆ మెత్తబడిన సూక్ష్మజీవిని పశువులకు ఎక్కించారు. ఆ టీకా నేటికీ క్వీన్స్‌లాండ్‌లో తయారవుతున్నది. చల్లగా ఉంచి, కొద్ది రోజులలోనే వాడవలసి ఉండడం దాని పరిమితి.

దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే స్విస్ దేశస్థుడు మరొక దారి చూపాడు. అనాప్లాస్మా అనే రక్తరోగకారిలో ఉగ్రమైనదీ, సౌమ్యమైనదీ అనే రెండు తెగలను ఆయన 1910 ప్రాంతంలో గుర్తించాడు. సౌమ్యమైన దానిని ముందుగా సోకనిస్తే ఉగ్రమైనది వచ్చినప్పుడు పశువు తట్టుకొంటుందని నిరూపించాడు. నూరేళ్లు దాటినా ఆ సౌమ్యజీవినే నేటికీ కొన్ని దేశాలలో టీకాగా వాడుతున్నారు. ఆయన కుమారుడు మాక్స్ థైలర్ మనుష్యులకు వచ్చే పసుపు జ్వరానికి టీకాను కనుగొని 1951లో నోబెల్ బహుమతి పొందాడు. తండ్రి పశువులకు, కొడుకు మనుష్యులకు చేసిన మహోపకారం ఒకే విద్యకు రెండు ఫలాలు.

తండ్రి పేరు మీదుగా 'థైలేరియా' అని పిలువబడే మరొక సూక్ష్మజీవి ఉన్నది. మన దేశపు పాడిరైతుకు ఇదే ముఖ్యమైన శత్రువు. 1970లో ఆరంభమైన పాలవెల్లువ కాలం నుంచి జెర్సీ, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ వంటి విదేశీజాతులతో కలిపిన సంకరజాతి ఆవులు మన పల్లెలలో విస్తరించాయి. నాటు ఆవు కంటె అవి పాలిచ్చే పరిమాణం ఎక్కువ; థైలేరియాను ఓర్చుకొనే శక్తి తక్కువ. పిడుదు కాటుతో ఈ రోగం సోకిన ఆవుకు తీవ్రమైన జ్వరం వస్తుంది. లింఫు గ్రంథులు గడ్డల వలె ఉబ్బుతాయి. నెమరు మానివేస్తుంది, కంటి పొరలు పాలిపోతాయి, ఆయాసం పుడుతుంది, పాలు ఎండిపోతాయి. బుపార్వాక్వోన్ అనే మందును సకాలంలో ఇస్తే చాలా పశువులు కోలుకొంటాయి. ఆలస్యమైతే ఫలితం ఉండదు. అప్పు చేసి ఆవును కొన్న చిన్నరైతుకు ఆ ఆవు చనిపోతే పాలడబ్బు ఆగిపోతుంది, వాయిదాలు మాత్రం ఆగవు. పిల్లల చదువు, ఇంటి వెచ్చం, రేపటి గింజలు అన్నీ ఆ ఒక్క కట్టుకొయ్యకే కట్టివేసి ఉంటాయి.

థైలేరియా చేసే మాయ విచిత్రమైనది. అది పశువు తెల్ల రక్తకణాలలో ప్రవేశించి వాటిని ఆపులేకుండా విభజన చెందిస్తుంది. కణంతో పాటు తానూ విభజన చెందుతూ పెరుగుతుంది. పశువుకు ప్రాణాంతకమైన ఈ గుణమే శాస్త్రజ్ఞునికి సాధనమైంది. ఆ కణాలను పశువు దేహం వెలుపల, గాజు పాత్రలలో పోషకద్రవం పోసి పెంచవచ్చు. అలా నెలల తరబడి ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు మారుస్తూ పెంచితే సూక్ష్మజీవి ఉగ్రత క్షీణిస్తుంది. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. మన దేశంలో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాదు కేంద్రంగా 'రక్షావ్యాక్-టి' అనే పేరుతో ఇటువంటి టీకాను ఉత్పత్తి చేసింది. దీనిని దూడలకు, సంకరజాతి పశువులకు చర్మం కింద వేస్తారు. నిండు చూడి ఆవులకు వేయరు. ఇందులో ఉన్నది సజీవకణం కనుక దానిని సున్నాకు దిగువ 196 డిగ్రీల చల్లదనం గల ద్రవ నత్రజనిలో భద్రపరచాలి. కరిగించిన వెంటనే వాడాలి. టీకా తయారైనంత మాత్రాన పని పూర్తికాదని ఇందువల్ల స్పష్టమవుతున్నది. ప్రయోగశాల నుంచి పశువుల పాక వరకు ఆ చల్లదనం ఎక్కడా తెగిపోకూడదు. దారిలో కరిగిన టీకా సూదిలోకి ఎక్కినా దేహానికి రక్షణ ఇవ్వదు. రైతు మాత్రం రక్షణ ఉన్నదనే నమ్మకంతో ఏమరుపాటున ఉంటాడు.

తూర్పు ఆఫ్రికాలో థైలేరియాలోని వేరొక జాతి 'తూర్పుతీర జ్వరం' అనే మారిని తెచ్చింది. దానికి కనుగొన్న విరుగుడు మరింత సాహసోపేతమైనది. కెన్యాలోని ముగుగా పరిశోధనాకేంద్రంలో 1970వ దశకంలో శాస్త్రజ్ఞులు రోగం గల పిడుదులను నూరి, వాటిలోని సూక్ష్మజీవులను ఏ మాత్రం బలహీనపరచకుండానే పశువుకు ఎక్కించారు. అదే సమయంలో దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ మందును కూడా ఇచ్చారు. మందు రోగాన్ని ముదరనివ్వదు. దేహం శత్రువును గుర్తుపడుతుంది. ఒక్కసారి చేసిన ఈ చికిత్స పశువును సుదీర్ఘకాలం కాపాడుతుంది. టాంజానియాలోని మసాయి పశుపాలకులు తమ దూడలకు దీనిని డబ్బు చెల్లించి వేయించుకొన్నారు. పశువే సంపదగా బ్రతికే జాతి ఒక కొత్త వైద్యానికి తన పశువును అప్పగించడం సామాన్యమైన విశ్వాసం కాదు.

ఇంతవరకు చెప్పిన టీకాలన్నీ రోగకారిని ఎదిరించేవి. రోగాన్ని మోసే పిడుదునే ఎదిరించే టీకా సాధ్యమా అనే ప్రశ్న శాస్త్రజ్ఞులకు కలిగింది. ఆస్ట్రేలియా పరిశోధకులు పిడుదు పేగు గోడలో 'బి.ఎం.86' అనే ప్రొటీన్‌ను గుర్తించి, దానిని ఇతర సూక్ష్మజీవులలో తయారుచేయించే విధానాన్ని 1989లో ప్రకటించారు. ఈ ప్రొటీన్‌ను పశువుకు టీకాగా ఇస్తే దాని నెత్తురులో ప్రతిరక్షకాలు ఏర్పడతాయి. పిడుదు నెత్తురు త్రాగినప్పుడు ఆ ప్రతిరక్షకాలు దాని కడుపులోకి చేరి పేగును దెబ్బతీస్తాయి. త్రాగిన నెత్తురే త్రాగిన దానికి విషమవుతుంది. క్యూబాలో 1993లో, ఆస్ట్రేలియాలో 1994లో ఈ రకపు టీకాలు విపణికి వచ్చాయి.

అయితే దీనికీ హద్దులున్నాయి. ఇది పిడుదులను వెంటనే చంపే మందు కాదు. వాటి సంఖ్యను, అవి పెట్టే గుడ్లను తగ్గించి, తరువాతి తరాలను పలుచబరుస్తుంది. పేగులో దాగిన ప్రొటీన్ పిడుదు కాటుతో పశువు నెత్తురును తాకదు గనుక కాటు వల్ల దేహానికి జ్ఞాపకం కలగదు. మాటిమాటికీ టీకా వేయించవలసి ఉంటుంది. ఆ శ్రమను భారంగా తలచిన ఆస్ట్రేలియా పశుపాలకులలో దానికి ఆదరణ తగ్గి, కాలక్రమంలో అక్కడ అమ్మకం నిలిచిపోయింది. శాస్త్రదృష్టిలో గెలిచిన వస్తువు వాడుకలో ఓడిపోవచ్చునని ఇది తెలియజేస్తున్నది. పశువు దినచర్యకూ, రైతు తీరికకూ, చేతి డబ్బుకూ ఒదిగినప్పుడే టీకా సార్థకమవుతుంది. ఒక్క టీకాతో అన్ని పిడుదులను, అన్ని రోగాలను ఎదుర్కొనే మార్గం కోసం పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి.

ఇక్కడ మన ఒంగోలు జాతిని స్మరించుకోవడం సముచితం. ఓర్పు గల ఈ పశువులు ఒకనాడు ఓడలెక్కి బ్రెజిల్ చేరి అక్కడ 'నెలోరే' పేరుతో వర్ధిల్లాయి. ఒంగోలుతో పాటు మరికొన్ని భారతీయ జాతుల రక్తంతో అమెరికాలో రూపొందిన 'బ్రాహ్మన్' జాతి 1933లో ఆస్ట్రేలియాకు చేరి, పిడుదులను తట్టుకొనే మందలకు మూలమైంది. విదేశీయులు మన పశువులలోని ఓర్పును కోరి తీసుకొనిపోగా, మనం పాల కోసం వారి పశువులను తెచ్చుకొన్నాం. పాల దిగుబడి అవసరమే. కాని ఓర్పును పోగొట్టుకొన్న పశువుకు ఆ ఓర్పును వేరొక విధంగా సమకూర్చే బాధ్యత కూడా మనదే.

కాబట్టి టీకా ఒక్కటే సర్వరక్షకం అనుకోకూడదు. మన దేశంలో థైలేరియాను మోసే పిడుదు పాక గోడల నెర్రెలలో దాగి ఉంటుంది, వాటిని పూడ్చాలి. మందును పశువైద్యుని సలహాపై మార్చి మార్చి వాడాలి. కొత్తగా కొన్న పశువును మందలో కలిపేముందు పరిశీలించాలి. ఈ జాగ్రత్తలకు టీకా తోడైనప్పుడే పాడికి భద్రత. ఒకనాడు పశుపాలకుల అనుమానాన్ని ఆలకించిన శాస్త్రం పిడుదు గుట్టును కనిపెట్టింది. నేడు శాస్త్రం చెప్పే మాటను పాక వరకు చేర్చవలసినవారు చదువుకొన్న యువతరం. నొప్పి ఎక్కడో నోరు తెరిచి చెప్పలేని జీవి తరఫున ఆలోచించగలగడమే చదువుకు సార్థకత.

కఠినపదాలకు అర్థాలు

తుషారం – మంచు
దుష్కరం – చేయడానికి కష్టమైనది
క్రౌర్యం – క్రూరత్వం
ప్లీహం – కడుపులో ఎడమవైపు ఉండే, నెత్తురును వడగట్టే అవయవం
మారి – అంటురోగం
ప్రతిరక్షకాలు – రోగకారిని ఎదిరించడానికి దేహం తయారుచేసుకొనే పదార్థాలు
నెర్రెలు – పగుళ్లు
విపణి – అంగడి

అభ్యాసం

వ్యాసరూప ప్రశ్నలు
1. పశువుల జ్వరానికి పిడుదే కారణమని స్మిత్, కిల్‌బోర్న్‌లు ఏ విధంగా నిరూపించారో వివరించండి.
2. రోగకారిని ఎదిరించే టీకాకు, పిడుదును ఎదిరించే టీకాకు గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

లఘు ప్రశ్నలు
1. పిడుదులు అరకొరగా ఉన్న చోటనే అపాయం అధికం కావడానికి కారణమేమిటి?
2. థైలేరియా టీకాను భద్రపరచడంలో గల ఇబ్బందులేవి?
3. ఆస్ట్రేలియాలో పిడుదు టీకా అమ్మకం ఎందుకు నిలిచిపోయింది?

సంధులు: విడదీసి, సంధి పేరు తెల్పండి.
మహోపకారం, పాలిచ్చే, పరిశ్రమాభివృద్ధి

సమాసాలు: విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెల్పండి.
రోగభయం, పిడుదు కాటు, ఎర్ర రక్తకణాలు